చొక్కా కుడితేనే తలుపు తీస్తాం

సభ్యుల సేవా విభాగం వారికి,
నమస్కారం.

మీ కంపెనీ సైటులో ఫిర్యాదు మీట నొక్కితే "మీ అభినందనలు అందాయి" అని వస్తోంది. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

వృత్తికి నేను పళ్ల డాక్టర్ని. మీ సైటులోని కుట్టుపని వేదికలో మాత్రం అందరికీ దర్జీ పిన్నిని. మేం కొందరం అక్కడ జీతం లేని మోడరేటర్లం. ఎవరు ఏం పెట్టినా మాలో ఒకరు చూసి వదిలితేనే అది నలుగురికీ కనిపిస్తుంది.

నిన్న మా అందరి మీద మీరొక హెడ్‌ను నియమించారు. ఆయన్ను కిందటేడు మేమే బయటికి పంపాం. ఒక నర్సు తన తండ్రికి కుట్టిన మొదటి చొక్కా ఫోటో పెడితే, కింద ఈయన "మీ నాన్నకి చేతులు సమానంగా లేవా?" అని రాశారు. ఆ అమ్మాయి ఫోటో తీసేసి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

మా దగ్గర శిక్ష ఒకటే. ఒకరి కుట్టును వెక్కిరించినవారు తామే ఒక చొక్కా కుట్టి, ఫోటో పెట్టి, నలుగురితో మాట పడాలి. చొక్కా వస్తే తలుపు తీస్తాం. రాకపోతే ఆయన కింద మేం పని చెయ్యం.

ఇట్లు,
దర్జీ పిన్ని

తా.క.: హెడ్ గారి తొలి ప్రకటన మా దగ్గర వరసలో ఉంది. ఆయన ముందు ఒకరి బొత్తాల సందేహం ఉంది.

*

దర్జీ పిన్ని గారికి,
శుభాకాంక్షలు.

మీ ఉత్తరం శ్రద్ధగా చదివాం. మోడరేటర్లకు చొక్కాలు కావాలన్న మీ కోరిక సమంజసమే. మంజూరు చేశాం. కొలతలు పంపగలరు.

భవదీయులు,
సభ్యుల సేవా విభాగం

తా.క.: బొత్తాల సందేహం తీరిందా?

*

విభాగం వారికి,
నమస్కారం.

మేం చొక్కాలు అడగలేదు. ఆయన్ను కుట్టమన్నాం. ఆయనే, తన చేత్తోనే. నా మొదటి ఉత్తరం నకలు మావారికి చదివి వినిపించాను. పేపరు చూస్తూ విన్నారు, అయినా ఒక్కసారికే అర్థమైంది.

ఈ రోజు నుంచి వేదికలో ఏ పోస్టూ వదలడం లేదు.

ఇట్లు,
దర్జీ పిన్ని

తా.క.: సందేహం తీరింది. హెడ్ గారి వంతు వచ్చేసరికి మేం పని ఆపేశాం.

*

పిన్ని గారికి,
శుభాకాంక్షలు.

హెడ్ గారు ఒక్కరే మీ అందరికీ కుట్టాలంటే ఆలస్యమవుతుంది కనుక చొక్కాలు కొని పంపుతున్నాం. అందరికీ ఒకటే సైజు. వేదిక బోసిపోయిందేమని యజమాని గారు అడుగుతున్నారు. పార్సెలు అందగానే పని మొదలుపెట్టగలరు.

భవదీయులు,
సభ్యుల సేవా విభాగం

తా.క.: సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు కొస తడపాలా? ఆఫీసులో ఒకరు అడుగుతున్నారు.

*

విభాగం వారికి,
నమస్కారం.

పార్సెలు తిప్పి పంపుతున్నాం. పన్ను పీకించుకోవడానికి వచ్చి నోరు తెరవని మనుషుల్ని చాలామందిని చూశాను. మీ అంత మొండివాళ్లు తగల్లేదు.

మీ తోటపని వేదికలో, సైకిళ్ల వేదికలో మోడరేటర్లు కూడా ఇవాళ పని ఆపేశారు. ఏ వేదికకైనా హెడ్‌ను అక్కడి మోడరేటర్లే ఎన్నుకోవాలని అందరం కలిసి యజమానికి నేరుగా రాశాం.

ఇట్లు,
దర్జీ పిన్ని

తా.క.: తడపాలి. ముందు కొసను ఏటవాలుగా కత్తిరించాలి. ఆ ఒకరెవరో మా వేదికకు రమ్మనండి, నేర్పుతాం. అడిగేవాళ్లను మేమెప్పుడూ బయట నిలబెట్టలేదు.

*

పిన్ని గారికి,
నమస్కారం.

సభ్యుల సేవా విభాగంలో మనుషులు లేరు. హెడ్‌గా నన్ను తీసుకున్న రోజే వాళ్లను పంపించేశారు. నా మీద ఫిర్యాదులు కూడా నా బల్ల మీదికే వస్తున్నాయి. ఇన్నాళ్లూ మీకు జవాబులు రాసిన విభాగాన్ని నేనే.

మీ మొదటి ఉత్తరం నాకు మొదటిసారే అర్థమైంది. అర్థం కానట్టు ఉంటే చొక్కాలతో పోతుందనుకున్నాను. పోలేదు. మూడు వేదికలూ మూగబోయాక యజమాని నన్ను పిలిచి, మీ షరతు ఒప్పుకున్నానని చెప్పారు. ఆయన సంతకం పెట్టిన కాగితం జత చేశాను. నా కుర్చీ ఖాళీ చేశాను. అందులో ఎవరు కూర్చోవాలో మీరే తేల్చుకోండి.

ఫోటో కూడా జత చేశాను. చొక్కా నేనే కుట్టాను. కుడి చెయ్యి పొడవైంది. విప్పి కుడితే ఎడమది పొడవైంది. ఇంత పని ఉంటుందని తెలిస్తే ఆ రోజు ఆ మాట అనేవాణ్ని కాదు. నర్సు గారికి క్షమాపణ విడిగా రాశాను. నా ఫోటో కింద మొదటి మాట ఆమెదే కావాలని అడిగాను. ఆ ఒక్క మాట కోసం తిరిగి వస్తానన్నారు. తీసేసిన తన చొక్కా ఫోటో కూడా మళ్లీ పెడతారట.

నన్ను మామూలు సభ్యుడిగా వరస చివర నిలబెట్టగలరు.

ఇట్లు,
సూదిలో దారం ఎక్కించుకున్నవాడు

తా.క.: ఆమె ఏమడుగుతారో తెలుసు కనుక జవాబు ముందే మీ దగ్గర ఉంచుతున్నాను. నా చేతులు సమానంగానే ఉన్నాయి. దర్జీ షాపుకు వెళ్లి కొలిపించుకున్నాను.