నరేశ్ బిగించిన యంత్రం

అత్తకు,

శైలజ నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ వర్షిణీ బాగున్నాం. ముందు ఆ మాట రాయకపోతే మిగతాది నువ్వు చదవవని తెలుసు. పిల్లకు జలుబు తగ్గింది. నువ్వు పంపిన చెనిక్కాయల పొడి అడుగంటింది, సగం మా ఆఫీసులో శిరీషే తినేసింది. ఫోన్లో నీ గొంతు వింటే ఇవి తప్ప ఇంకేమీ చెప్పలేను, అందుకే జాబు.

"మంచు కరిగితే రాయెందుకు పడతాది? బేతంచెర్ల గనిలో రాయి మంచు లేకనే నిలబడ్లేదా?" అని అడిగావు. ఆ హిమాలయాల లోయలో వేల ఏళ్ళపాటు మంచు నదిలా పేరుకొని, రెండు పక్కలా కొండను అదిమి పట్టింది. తర్వాత కరిగి వెనక్కి పోయింది. కొండ ఆ రోజే కూలదు. ఊత తీసేసిన గోడలా లోలోపల సడలుతుంది. పగుళ్ళు విచ్చుకుంటాయి. వాటిలోకి నీళ్ళు దిగి, చలికి గడ్డకట్టి, ఇంకా తెరుస్తాయి. ఆ మంచును చూసినవాళ్ళంతా పోయాక కూడా రాళ్ళు పడుతూనే ఉంటాయి. నిరుడు మన నరేశ్ అలాంటి పగులును కొలిచే యంత్రం బిగించి దిగుతుండగానే కదా పక్కనున్న చరియ విరిగి మీద పడింది.

నీ రెండో ప్రశ్నకు జవాబు రాయలేక కాగితాలు చించాను. "వాడు బిగించింది ఇంకా పలకతా ఉండాదని నువ్వే చెప్తివి. అది ఉంటే వాడూ ఆడ యాడో ఉండాడేమో" అన్నావు. అత్తా, యంత్రం పైన, పగులు దగ్గర ఉంది. నరేశ్ కింద, రాళ్ళలో ఉన్నాడు. రోజూ ఇక్కడ బెంగళూరులో, ఆ కొండల మీది యంత్రాలను కనిపెట్టి చూసే మా కుందలహళ్ళి ఆఫీసులో కంప్యూటర్ తెరవగానే మొదట వచ్చేది దాని కబురే. బిగించిన మనిషి పేరు పక్కనే కనబడుతుంది. శిరీష ఆ పేరు తీసేస్తానంది, వద్దన్నాను. ఏ రోజైనా కబురు ఆలస్యమైతే, అది వచ్చేదాకా కంప్యూటర్ ముందు నుంచి లేవను. నీకున్న పిచ్చే నాకూ ఉంది.

మేస్త్రీ ఎల్లయ్య మామను, గని మనుషులను వెంటబెట్టుకొని వచ్చే వారం కొండకు పోతానని, మనమే తవ్వి తెచ్చుకుందామని రాశావు. వెతకడం ఎవరు ఆపించారో కనుక్కొని మొహాన ఉమ్మేసి వస్తానన్నావు. కనుక్కోవడానికి అంత దూరం పోనక్కర్లేదు. ఆపించింది నేనే.

నిరుడు అక్కడ తవ్వుతున్నవాళ్ళ తల మీద పగులు రోజురోజుకీ వేగంగా తెరుచుకుంటోందని నరేశ్ యంత్రమే చెప్పింది. వాళ్ళ పెద్దకు నేనెవరో తెలుసు. ఫోన్ చేసి, "మీరు తవ్వమంటే తవ్వుతాం, మేడమ్" అన్నాడు. తవ్వొద్దు, దిగిపోండి అన్నాను. అదే రాసి సంతకం పెట్టాను. తర్వాత బాత్‌రూంలోకి పోయి, నోట్లో చున్నీ కుక్కుకొని ఏడ్చాను.

ఆ పైనున్న చరియ ఇంతవరకూ పడలేదు అత్తా. పడి ఉంటే నా మనసు కుదుటపడేది. ఇంకొక్క పూట తవ్వనిచ్చి ఉంటే దొరికేవాడేమో. ఆ మాట నన్ను వదలడం లేదు. అయినా ఎప్పుడు పడుతుందో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. పగులు మాత్రం ఇంకా తెరుచుకుంటోంది.

నువ్వు అక్కడికి పోతే వాళ్ళు మళ్ళీ నన్నే అడుగుతారు. ఆ రాళ్ళ మీద కూర్చుంది నువ్వేనని తెలిసినా, చెయ్యి పట్టుకొని దించేయమనే చెప్తాను. ఉమ్మేయాలనుకుంటే బెంగళూరు బస్సెక్కు. తలుపు తీసే ఉంచుతాను.

ఇట్లు,
నీ కొడుకును అక్కడే ఉంచేసిన నీ కోడలు,
శైలజ