పసుపు రంగు అయిపోయింది

అక్కకు నమస్కరించి తమ్ముడు రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం కులాసా అని రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను, చివరిదాకా చదివి నువ్వే తేల్చుకో. బావ మోకాలి నొప్పి తగ్గిందా?

మందులు వేసుకుంటున్నావా అని అడిగావు. వేసుకుంటున్నాను. కాస్త బయట తిరుగుతున్నావా అని కూడా అడిగావు. ఎక్కడ తిరిగేది? నేను మెట్ల మీద ఊపిరాడక కూలబడ్డప్పటి నుంచి నీ మరదలు బేకరీ పనికి పోతూ బయట తాళం వేస్తోంది. నేనే ఒప్పుకున్నాను. ముప్పై ఏళ్ళు నిచ్చెనలెక్కి షాపులకి బోర్డులు రాసినవాణ్ణి, ఇప్పుడు మంచం నుంచి కిటికీకి ఏడడుగులు, మళ్ళీ మంచానికి ఏడడుగులు. ఎదురుగా గోడ. దానికి రంగైనా సరిగ్గా వేయలేదు, చూస్తుంటే చేతులు దురద పెడతాయి.

ఆ దురదకే ఒక బొమ్మ మొదలుపెట్టాను. ఘాటు రంగులు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. అందుకని పిల్లల నీటిరంగులు, మైదా జిగురు, పాత చొక్కా పీలికలు, మాత్రలు అయిపోయిన రేకులు. అట్ట మధ్యలో నా ఛాతీ ఎక్స్‌రే. చుట్టూ అంతా నలుపే పూశాను. నాకు కనిపించింది అదే మరి.

ఇప్పుడు అసలు సంగతి. తిట్టకు. రిపోర్టు రాలేదని పోయిన ఉత్తరంలో రాశానే, అది అబద్ధం. వచ్చి నెలైంది. పక్కింటి దర్జీ తెచ్చి తలుపు కిందనుంచి తోశాడు. ఊపిరితిత్తిలో ఒక ముక్క కోసి తీసేయాలట, ఆలస్యం చేయకూడదట. బతికింది చాల్లే అనుకున్నాను. ఆ కాగితాన్ని ఎక్స్‌రే కింద పెట్టి అంటించేశాను.

తర్వాత ఏమైందో నాకే తెలీదు. ఒక మూల నలుపు మరీ మొద్దుగా ఉందని కొంచెం ఆకుపచ్చ పెట్టాను. బాగుంది. పక్కన పసుపు పడితే ఇంకా బాగుంటుందనిపించింది. చూస్తే అది అయిపోయింది. "రేపు పసుపు రంగు తీసుకురా" అన్నాను నీ మరదలితో. అన్నాక తట్టింది. నా నోటితో నేనే రేపటి గురించి అడిగాను కదా అక్కా!

ఇక దాచలేక చెప్పేశాను. తను అరవలేదు. తడిగుడ్డతో అంచులు నానబెట్టి, చిరగకుండా కాగితం ఊడదీసి మొత్తం చదివింది.

"పడిపోతారని నేను తాళం వేసి పోతే, లోపల కూర్చుని మీరు చేసింది ఇదా?" అంది. అప్పుడు ఏడ్చింది.

ఆపరేషన్ పన్నెండో తారీకు. వీలు చూసుకుని రా. డాక్టరు గట్టిగా ఏమీ చెప్పడం లేదు. భయంగా ఉంది. అప్పటిదాకా ఇదే గది, ఇదే తాళం. బొమ్మలో కాగితం ఊడిన చోట అట్ట బోసిగా బయటపడింది. దాని మీద ఏం వేయాలో తేలలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక వేస్తాను.

ఇట్లు,
నీ తమ్ముడు
బక్కోడు