అక్క బొమ్మ కొన్న పళ్ళ డాక్టరు

అక్కకు,

నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు కూర్చుని చదువు. నా బొమ్మ అమ్ముడుపోయింది!

రిటైరయ్యాక నేను చేరిన గ్యాలరీ సంగతి నీకు తెలుసు కదా. మూతపడిన ప్రింటింగ్ ప్రెస్సు మేడ మీద ఒక హాలు, ఒక ఫ్యాను, పదిమంది ఆర్టిస్టులం. పనివాళ్ళంటూ ఎవరూ లేరు. బొమ్మలు వేసేదీ మేమే, మేకులు కొట్టేదీ మేమే, వంతులేసుకుని టేబుల్ దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళను నవ్వుతూ పలకరించేదీ మేమే. ఎవరిదైనా బొమ్మ అమ్ముడైతే దాని కింద చీటీ మీద కందిగింజంత ఎర్రచుక్క అంటిస్తాం. చుక్క పడిందంటే అది ఇక ఒకరి సొత్తు. సాక్షాత్తూ మంత్రిగారొచ్చి అడిగినా ఇవ్వం. ప్రదర్శన అయ్యేదాకా గోడ మీదే ఉంటుంది, తర్వాత వేసినవాళ్ళే మోసుకెళ్ళి కొన్నవాళ్ళకు అప్పగించాలి.

మొదటి రెండు మూడు రోజుల్లోనే నీటిరంగులు వేసే పెద్దావిడ పడవలన్నింటికీ చుక్కలు పడ్డాయి. గుర్రాలు తప్ప మరేమీ వెయ్యని మాస్టారికి కూడా పడింది. నా బొమ్మ దగ్గర మాత్రం ఎవరూ ఆగేవాళ్ళు కాదు. ఆగినా అక్కడ ఫ్యానుగాలి బాగా తగులుతుందని ఆగేవాళ్ళు. అలాంటిది, బుధవారం సాయంత్రానికి నాకూ పడింది! ఆదివారం మీ మరదలు తన అక్కచెల్లెళ్ళను వెంటేసుకొచ్చింది. ఇన్నేళ్ళూ నేను ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసినా నన్ను ఒక్కసారీ మెచ్చుకోని మనిషి, చుక్క చూసి "పర్లేదే!" అంది. నాకు అదే పెద్ద సన్మానం.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. అది ఎవరి బొమ్మో చెప్పలేదు కదూ? పోయినసారి మీ ఇంటికొచ్చినప్పుడు నువ్వు వరండాలో కుర్చీలో కునుకు తీశావు చూడు, అది. పేరు 'మధ్యాహ్నం'. నోరు కొద్దిగానే తెరిచి ఉంది.

•

తమ్ముడికి,

ఆశీస్సులు తర్వాత. ముందు ఈ సంగతి చెప్పు. నేనిప్పుడు ఎవడి గోడకు వేలాడబోతున్నాను?

హెడ్మిస్ట్రెస్‌గా నేను వరండాలో అడుగుపెడితే బడి మొత్తం నోరు మూసుకునేది. అలాంటి దాన్ని నోరు తెరుచుకుని పడుకుని ఉంటే బొమ్మ గీసి ఊరందరికీ చూపిస్తావా? నువ్వు వచ్చిందీ వెళ్ళిందీ పుస్తకంలో ఏదో గీసుకుంటూ కూర్చున్నదీ గుర్తుంది. చెట్టు గీస్తున్నావనుకున్నాను. నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ నేను బజారుకు వెళ్ళడం లేదు. ఇంటికొచ్చే కూరగాయలావిడ కూడా నా మొహం కాకుండా నా నోరే చూస్తోందనిపిస్తోంది. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మీ ఊరు ఇక్కడికి బస్సెక్కితే గంటన్నర. కొన్నవాళ్ళు నాకు తెలిసినవాళ్ళు కాదని గ్యారంటీ ఏమిటి? ఎవరు, ఏం చేస్తారు, ఏ గదిలో పెట్టుకుంటారు? వెంటనే రాయి.

అక్క

తా.క. మీ బావ నీ ఉత్తరం చదివి, కంచం ముందునుంచి లేచి వెళ్ళి పెరట్లో నిలబడ్డారు. ఆయనకు ఇంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. నువ్వు కొన్నాళ్ళు ఇటు రాకు.

•

అక్కకు,

కోపం తగ్గించుకో. బీపీ మనిషివి.

కొన్నది ఒక పళ్ళ డాక్టరు గారు. చాలా పెద్దమనిషి. పేరు అడిగితే బాగుండదని అడగలేదు. బొమ్మను లోపలి గదిలో పెట్టుకుంటారట, కాబట్టి దారినపోయేవాళ్ళెవరూ చూడరు. నువ్వు నిశ్చింతగా బజారుకు వెళ్ళు.

ఇక్కడ నా పరిస్థితి మరోలా ఉంది. ఆర్టిస్టులందరూ నన్ను చూసే తీరే మారిపోయింది. నీటిరంగుల పెద్దావిడ తన ఫ్లాస్కులో టీ ముందు నాకు పోస్తున్నారు. "నా పడవలు అమ్ముడైనా నాకింత సంతోషం లేదయ్యా, కొత్తగా వచ్చినవాళ్ళకు చుక్క పడితేనే ఈ హాలు నిలబడుతుంది" అన్నారు. ఆ టీ నాకు గొంతు దిగలేదు. బాగా వేడిగా ఉందనుకుంటా.

ముగింపు రోజున బొమ్మలు కొన్నవాళ్ళను పిలిచి రెండు మాటలు మాట్లాడించడం మా దగ్గర అలవాటు. సెక్రటరీ గారు డాక్టరు గారి అడ్రసు ఇవ్వమని ఒకటే పోరు. ఆయన ఊళ్ళో లేరని చెబుతూ వస్తున్నాను. ఈ మధ్య సరిగ్గా నిద్ర పట్టడం లేదు, సంతోషం వల్లే అయ్యుంటుంది.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. నీ నోరు చూసే కొన్నారట. పై వరస అంత పొందిగ్గా ఉండటం అరుదన్నారు.

•

తమ్ముడికి,

లోపలి గది అంటే ఏమిటో నీకు తెలుసా? రోగుల్ని కుర్చీలో వెనక్కి పడుకోబెట్టే గది! అంటే వచ్చినవాళ్ళందరూ నోళ్ళు తెరుచుకుని, నోరు తెరుచుకున్న నన్ను చూస్తూ ఉంటారన్నమాట. పైగా మీ ఊళ్ళో పళ్ళ డాక్టర్లలో సగం మంది నా దగ్గర చదివినవాళ్ళే. అందులో ఒకణ్ణి, క్లాసులో కునుకు తీశాడని బెంచీ ఎక్కించాను. కొన్నది వాడే అయితే నా బతుకేం కాను?

నిన్న పొద్దున్నే మీ బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని మీ ఊరొచ్చారు. నీ దగ్గరికి కాదు, పళ్ళ డాక్టర్ల దగ్గరికి. "నా పరువు కోసం గొడవలకు దిగకండి" అన్నాను. వింటేనా! లోపలి గది చూడాలంటే ముందు చీటీ రాయించుకోవాలట. మొదటి రెండు చోట్ల తలుపు సందులోంచి చూసి తప్పించుకున్నారు. మూడోచోట రెక్క పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టేశారు. బొమ్మ కోసం గోడల వంక తల తిప్పుతుంటే, భయపడుతున్నారనుకుని నర్సు తల కదలకుండా పట్టుకుంది. డాక్టరు పన్ను పీకేశాడు.

బొమ్మ కొన్న పళ్ళ డాక్టరు అక్కడ ఎవరూ లేరు. ఎవరినడిగినా "బొమ్మేమిటి?" అన్నారట. తమ్ముడూ, చిన్నప్పుడు నువ్వు అబద్ధమాడితే చెవులు ఎర్రబడేవి. ఉత్తరంలో చెవులు కనిపించవని ధైర్యమా? నిజం చెప్పు.

అక్క

తా.క. పీకింది మంచి పన్నేనట. నొప్పి పన్ను దాని పక్కన ఇంకా అలాగే ఉంది.

•

అక్కకు,

చదివాక చింపెయ్యి.

పళ్ళ డాక్టరు లేడు. ఎవరూ కొనలేదు. ఆ బుధవారం టేబుల్ దగ్గర వంతు నాది. హాల్లో నేనొక్కణ్ణే. చుట్టూ అందరి బొమ్మల కిందా చుక్కలు, నీ బొమ్మ కింద ఉత్త చీటీ. ఆదివారం మీ మరదలు మందను వేసుకుని వస్తానంది. సొరుగులో చుక్కల కాగితం ఉంది. ఒకటి ఒలిచి అంటించేశాను. ఆదివారం గడిచాక పీకేద్దామనుకున్నాను. కానీ మర్నాడే అందరూ చూసేశారు. చప్పట్లు కొట్టారక్కా.

ఇంతటితో ఆగిందా? ముగింపు రోజున సెక్రటరీ గారు మైకులోనే అడిగారు, "మన డాక్టరు గారు రాలేదేం?" అని. నా నోట్లోంచి "పోయారండీ" అని వచ్చేసింది. ఎలా వచ్చిందో నాకే తెలియదు. హాలంతా లేచి నిలబడింది. మౌనం పాటించారు. పెద్దావిడ కొంగుతో కళ్ళొత్తుకుని నీ బొమ్మ కింద పూలు పెట్టారు. గుర్రాల మాస్టారైతే "ఆయన నాకు బాగా తెలుసు, ఎంత తేలిక చెయ్యి!" అని చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చారు. అప్పుడైనా నేను నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఆ సాయంత్రం బొమ్మను వాళ్ళింటికి చేరుస్తానని చెప్పి మా ఇంటికి తెచ్చుకున్నాను. దుప్పట్లో చుట్టి బీరువా వెనక పెట్టాను. మీ మరదలికి కూడా తెలియదు.

నా మొహం నేనే చూసుకోలేకపోతున్నాను. ఆ పెద్దావిడకు ఎదురుపడే ధైర్యం లేదు. గ్యాలరీకి వెళ్ళడం మానేశాను. నాకున్నది ఆ ఒక్క చోటే, దాన్నీ చేజేతులా పోగొట్టుకున్నాను. బావగారి పన్ను సంగతి తలుచుకుంటే ఇంకా సిగ్గేస్తోంది. ఆయన నన్ను కొట్టినా పడతాను.

నీ తమ్ముడు

తా.క. మౌనం పాటించేటప్పుడు అందరికన్నా ఎక్కువ ఏడ్చింది నేనే. అదొక్కటే నిజం.

•

తమ్ముడికి,

నీ ఉత్తరం చింపలేదు. మీ బావకు చదివి వినిపించాను. తిడతారనుకున్నాను. వాచిన దవడ పట్టుకుని, "అయితే బొమ్మ ఎవరూ కొనలేదా?" అని అడిగారు. లేదన్నాను. "మరి ఇస్తాడా?" అన్నారు.

అప్పుడు బయటపడింది. నువ్వు చుక్క అంటించిన మర్నాడే, గురువారం, బ్యాంకులో పనుందని చెప్పి ఆయన మీ గ్యాలరీకే వచ్చారట. నువ్వు నన్ను గీస్తుండగా ఆ రోజే ఆయన చూశారట, నువ్వు పంపిన ఆహ్వానం నాకంటే ముందు చేతికందితే అందులో 'మధ్యాహ్నం' అన్న పేరు చూసి అదేనని పోల్చుకున్నారట. హాలంతా తిరిగి, నీ బొమ్మ దగ్గర ఆగి, టేబుల్ దగ్గరున్న పెద్దావిణ్ణి "ఇది నాకు కావాలండీ" అని అడిగారట. "క్షమించండి, చుక్క పడిపోయింది, నిన్న సాయంత్రమే ఎవరో తీసుకున్నారు" అందట ఆవిడ. ఒక గంట ఆ బొమ్మ ముందే నిలబడి తిరిగొచ్చేశారు. అందులో ఉన్నది ఎవరో కాదు, తన భార్యేనని ఆవిడతో చెప్పడానికి సిగ్గేసిందట.

పళ్ళ డాక్టర్ల దగ్గరికి వెళ్ళింది కూడా గొడవకు కాదు. బతిమాలడానికి. కొన్నాయన కనిపిస్తే చేతులు పట్టుకుని, బొమ్మ తనకిచ్చెయ్యమని అడుగుదామని. నేనేమో నా పరువు కోసం వెళ్ళారని ఇరుగూ పొరుగూ అందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

నోరు తెరుచుకున్న ఆ అవతారం మీకెందుకండీ అని అడిగాను. "బడిలో, బజార్లో నువ్వు అందరికీ కనిపిస్తావు. అలా నిద్రపోతూ నాకొక్కడికే కనిపిస్తావనుకునేవాణ్ణి. మీ తమ్ముడు కూడా చూశాడు" అన్నారు. ఇన్నాళ్ళుగా ఎవరో చూస్తారని సిగ్గుపడ్డాను, చూసేవాళ్ళు ఇంట్లోనే ఉన్నారని తెలియలేదు. సిగ్గు నీ ఒక్కడిదే కాదు.

ఒరేయ్, నిజంగా కొనడానికొచ్చిన ఒకే ఒక్క మనిషిని నీ చుక్కతో నువ్వే వెనక్కి పంపావు. ఇప్పుడు వెళ్ళి ఆ పెద్దావిడ ఎదురుగా నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పు. టీ పోస్తే తాగు, తిడితే పడు. ఆ తర్వాతే బొమ్మ తీసుకుని ఇటు రా. చెప్పకుండా వస్తే తలుపు తీసేది లేదు.

అక్క

తా.క. గోడకు మేకు కొట్టండి అన్నాను. ఎప్పుడో కొట్టేశారు. ఆ గురువారం బయలుదేరేముందే కొట్టి వెళ్ళారట. ఉత్త చేతులతో తిరిగొచ్చాక మేకు కనబడకుండా దానికో క్యాలెండర్ తగిలించారు. ఒకే గదికి రెండు క్యాలెండర్లేమిటి, మతిపోయిందా అని నేను ఆయన్ను రోజూ తిట్టాను.