పంటు మీద అన్నయ్య డిఫెన్స్

బుధవారం

నరసాపురం ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మూడు గోల్స్ తిన్నాం. ఆదివారం మ్యాచ్ కూడా ఇలాగే పోతే డిఫెన్స్‌లో ఆడే అన్నయ్యను టీమ్‌లోంచి తీసేస్తానని కోచ్ గారు చెప్పేశారు. ఇంటికి రావడానికి పంటు ఎక్కితే, గోదావరి దాటేదాకా ఊరివాళ్ళ వాదన అదే.

“అది డిఫెన్స్ కాదండి, తలుపుల్లేని ఇల్లు. నలుగుర్నీ మార్చేస్తేగానీ బాగుపడదు,” అన్నాడు సత్తిబాబు బాబాయ్.

“మార్చి ఎవర్ని పెడతావు, నిన్నా?” అన్నారు మా తెలుగు మాస్టారు.

అన్నయ్య బూట్లు ఒళ్ళో పెట్టుకుని నీళ్ళకేసి చూస్తున్నాడు. నాకు ఉండబట్టలేదు.

“వాళ్ళకి ఆట రాక కాదండి. నోరు విప్పరు. మూడు గోల్సూ ఇద్దరి మధ్యలోంచే వెళ్ళాయి. వాడు ఆపుతాడని వీడు, వీడు ఆపుతాడని వాడు.”

అంతమంది పెద్దల ముందు మాటలు అంత తిన్నగా వచ్చినందుకు నాకే ఆశ్చర్యం. అంతలో పంటు రేవుకు ఆనింది. “తాడు నాది,” అని అరిచి ఒక పనివాడు కట్టుతాడుతో ఒడ్డుకు దూకాడు. రెండోవాడు ఆగిపోయాడు.

బాబాయ్ నవ్వాడు. “పిల్ల చెప్పింది నిజమే. వీళ్ళు అరుచుకోకపోతే మనం ఈపాటికి సముద్రంలో ఉండేవాళ్ళం.”

అన్నయ్య బూట్లు భుజాన వేసుకుని దిగాడు. నలుగురిలో గొంతెత్తాలంటే తనకు చిన్నప్పటి నుంచీ బెరుకు. ఆదివారం అరవగలడా అన్నదే నా భయం.

భోజనాల దగ్గర చివరి చేప ముక్క ఎవరికని అమ్మ అడిగింది.

“నాది,” అని అన్నయ్య ఇల్లు అదిరేలా అరిచాడు.

“ఆ అరుపులేంట్రా?”

“అరవనీ అమ్మా, ఆదివారం దాకా,” అన్నాను.

ఆ ముక్క నాకూ ఇష్టమే. అయినా ఇవాళ అన్నయ్య కంచంలోనే అందంగా ఉంది.