కడిగేసిన కారు

చిరంజీవి అల్లుడుగారికి,

ఆస్పత్రి మంచం మీద వెల్లకిలా పడుకుని ఆశీర్వదిస్తున్నాను. అక్షరాలు పైకీ కిందికీ పోతే ఏమనుకోకండి. ఫోన్ చేద్దామంటే మీరు చెప్పేది నాకు వినపడదు, నేను చెప్పేది ఈ వార్డంతా వింటుంది. అందుకని ఉత్తరమే నయం.

తుంటి ఎముక బాగానే అతుక్కుంటోందట. నెలాఖరుకి పంపించేస్తామన్నారు. ఎక్కడికన్నదే తేలలేదు. మా అమ్మాయి నిన్న వచ్చి తీర్పు చెప్పేసి వెళ్లింది. మీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్తాను. నన్ను ఇంటికి పంపేముందు, ఆఖరి ఆదివారం తనొచ్చి నేను కార్లు తయారుచేసే షెడ్డు చూస్తుందట. శుభ్రంగా ఉంటే నా ఇంట్లో నేనుండి నా కార్లు నేను చేసుకోవచ్చు. లేదంటే షెడ్డులో సరుకంతా పాత ఇనుము కొనేవాడికి, నేను మీ ఫ్లాట్‌కి.

అల్లుడుగారూ, ఉద్యోగం ఉన్నంతకాలం బడిపిల్లలకు బొమ్మలు గీయడం నేర్పాను. రిటైరయ్యాక సరదాకి మొదలుపెట్టిన ఈ కార్ల పనే నన్ను పొద్దున్నే మంచం మీంచి లేపుతోంది. రెండు కార్లు చేశాను. మొదటిది కుడివైపుకే తిరిగేది, అయినా దాన్లో బజారుకెళ్లి వచ్చాను. మూడోది సగంలో ఉంది. అది పూర్తి కాకుండా నన్ను తీసుకెళ్లి మీ బాల్కనీలో కుర్చీ వేసి కూర్చోబెడితే నేను ఎన్నాళ్లో ఉండను. బెదిరించడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను.

కాబట్టి మీరు ఒక్కసారి వెళ్లి, తలుపు దగ్గర్నుంచి బల్ల దాకా నేల మీద ఉన్న నూనె తుడిచి, మనిషి నడిచేంత దారి చెయ్యండి. అంతకుమించి ఏమీ చెయ్యొద్దు. మీరు మంచివారు, ఎక్కువ చేస్తారు. అదే నా భయం.

మీ మామ

తా.క.: మేకుకు వేలాడుతున్నది మసిగుడ్డ కాదు, నా చొక్కా. బల్ల మీద చక్కగా మడతపెట్టి ఉన్నదే మసిగుడ్డ.

*

పూజ్యులైన మామయ్యగారికి,

మోచేతుల దాకా చేతులు కడుక్కుని నమస్కరిస్తున్నాను.

మీరు దారి ఒక్కటే తుడవమన్నారు. మందుల ఫ్యాక్టరీలో పొద్దస్తమానం శుభ్రత తనిఖీ చేసేవాణ్ణి, సగం తుడిచి వచ్చేస్తే నాకు రాత్రి నిద్ర పడుతుందా చెప్పండి. పైగా మీ అమ్మాయి సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. దారి చూసి ఊరుకునే మనిషి కాదు. అందుకని సెలవు పెట్టి మరీ పూర్తిగా పనిలోకి దిగాను.

ముందుగా మీ బల్ల కింద తుప్పు పట్టిన డబ్బాలు వరసగా కనిపించాయి. తెరిచి చూస్తే నాకు కళ్లు తిరిగాయి. ఒక్కో డబ్బాలో చిన్న బోల్టు, పెద్ద బోల్టు, వంకర స్ప్రింగు, వాషరు, అన్నీ కలగాపులగం. అన్నీ ఒక్క పళ్లెంలో కుమ్మరించి, కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, సైజుల వారీగా కొత్త ప్లాస్టిక్ పెట్టెల్లో సర్దాను. ప్రతి పెట్టెకీ చీటీ అతికించాను. తుప్పు డబ్బాలు అవతల పారేశాను. ఇప్పుడు మీకు ఏ సైజు కావాలన్నా కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

పాన్నాలు, సుత్తులు, రంపాలు తుడిచి గోడకు తగిలించాను. దిమ్మల మీదున్న కారు చట్రాన్ని మాత్రం ముట్టుకోలేదు, చుట్టూ దుమ్ము దులిపానంతే. మీ చొక్కా మూడు నీళ్లలో ఉతికాను. మూడో నీళ్లలో అది నీలం చొక్కా అని తెలిసింది.

ఆదివారం గురించి మీరేమీ బెంగపెట్టుకోకండి. గుండె మీద చెయ్యి వేసుకుని పడుకోండి.

మీ అల్లుడు

తా.క.: అన్నిటికంటే కష్టం నేల దగ్గరే వచ్చింది. మీరు లేనప్పుడు ఎవరో వెధవలు లోపల జొరబడి షెడ్డు మధ్యలో ఇంతంత సుద్దగీతలు, సున్నాలు గీసి పారేశారు. పైగా చెరిగిపోకుండా వాటి మీద వార్నిష్ కూడా పూశారు! యాసిడ్ పోసి, తీగబ్రష్‌తో నడుం పడిపోయేదాకా రుద్దాను. పోయాయి.

*

అల్లుడుగారికి,

ఆశీస్సులు. ఈ మాట రాయడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

ఆ గీతలే కారండీ.

నేను బొమ్మలు నేర్పినవాణ్ణి. కాగితం మీద కారు గీస్తే అది బొమ్మే అవుతుంది. నేల మీద అసలు సైజులో గీస్తేనే ఎక్కడ కాళ్లు పెట్టాలో, ఎక్కడ మోచెయ్యి తగులుతుందో తెలుస్తుంది. ఆ సున్నాలు చక్రాలు. ఆ రెండు వంకర గీతలు సీట్లు. సీటు కొలతకు నేనే నేల మీద పడుకుని, చేతిలో సుద్దతో నా చుట్టూ నేనే గీసుకున్నాను. మళ్లీ లేవడానికి చాలాసేపు పట్టింది. చెరిగిపోకూడదని వార్నిష్ పూసిందీ నేనే. మీరు వెధవలన్నది నన్నే. బహువచనం వాడారు కాబట్టి గౌరవంగానే తీసుకున్నాను.

ఇక డబ్బాలు. కలగాపులగం కాదండీ. ఒక డబ్బా ముందు ఇరుసుది, ఒకటి బ్రేకులది, ఒకటి స్టీరింగుది. విప్పినప్పుడు దేనివి దానిలోనే వేశాను, బిగించేటప్పుడు వెతుక్కోకుండా. ఇప్పుడవి సైజుల వారీగా ఉన్నాయంటే, ఏ బోల్టు ఎక్కడిదో ఇక దేవుడికే తెలియాలి. ఆయన కార్లు చెయ్యడు.

మీరు చేసింది తప్పని నేననను. అల్లుణ్ణి అనకూడదు. మీరు అల్లుడు కాకపోయి ఉంటే ఏమనేవాణ్ణో ఇక్కడి నర్సుకు చెప్పి చూపించాను. ఆవిడ చెవులు మూసుకుని వెళ్లిపోయింది.

కోపం లేదు. కొంచెం దిగులుగా ఉంది. ఆ కారు గీయడానికి పట్టినంత ఓపిక ఇక నాలో ఉందో లేదో తెలీదు. కింద పడుకుంటే లేవగలనో లేదో కూడా తెలీదు.

మీ మామ

తా.క.: మా అమ్మాయికి మాత్రం చెప్పకండి. ఇన్నేళ్లూ ఆ నూనె మీద తిరిగాను, ఒక్కసారైనా జారలేదు. ఆరోజు మీరిద్దరూ వస్తున్నారని మొదటిసారి సబ్బునీళ్లతో నేల కడిగాను. దాని మీదే జారాను.

*

మామయ్యగారికి,

మీ ఉత్తరం చదివి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేరుగా షెడ్డుకే వెళ్లాను. నమస్కారం అక్కడి నుంచే.

నేల పూర్తిగా ఆరింది. తలుపు తెరిచి వెలుతురులో వంగి చూస్తే, వార్నిష్ ఉన్నచోట సిమెంటు పాత రంగులో, మిగతాచోట తెల్లగా కనిపించింది. మీ గీతలే! చెరిపినవాణ్ణే కాబట్టి ఎక్కడెక్కడ ఎంతెంత రుద్దానో నా నడుముకు గుర్తుంది. సుద్ద కొనుక్కొచ్చి దాని వెంబడే గీశాను. చక్రాలు వచ్చాయి, ముక్కు వచ్చింది, వెనకభాగం వచ్చింది. సీట్ల దగ్గర మాత్రం మరీ గట్టిగా తోమినట్టున్నాను, ఆనవాలు కూడా లేదు. అందుకని నేనే పడుకుని గీసుకున్నాను. నేను మీకంటే పొడుగు కదా, కారు కూడా కాస్త పొడుగైంది. క్షమించండి.

తర్వాత బోల్టులు. చట్రానికున్న ఒక్కో రంధ్రంలో ఒక్కో బోల్టూ పెట్టి చూస్తున్నాను. పట్టనిది పట్టదు, పట్టింది ‘టక్’మని కూర్చుంటుంది. ఆ ‘టక్’ వింటే ఒళ్లు పులకరిస్తుంది మామయ్యగారూ! ఫ్యాక్టరీలో నాకు ఇన్నేళ్లలో అలాంటిది ఒక్కటి లేదు. అక్కడ అంతా బాగుంటే నాకు పనే ఉండదు. ముందు ఇరుసు మొత్తం దొరికింది. రోజూ ఆఫీసు అయ్యాక అటే వెళ్తున్నాను. మీ అమ్మాయితో ఓవర్‌టైమ్ అని చెప్పాను.

అలాగని షెడ్డు పాడుచెయ్యడం లేదు. పని ముగించేటప్పుడు ఇనప రజను ఊడ్చి, పాన్నాలు తుడిచి తగిలించి, నూనె చుక్క పడితే వెంటనే రంపంపొట్టు చల్లి ఎత్తేస్తున్నాను. నిన్న అలా చట్రం కింద ఊడుస్తుంటేనే మీరెప్పుడో పోగొట్టుకున్న స్క్రూడ్రైవరు దొరికింది, పోయిన కళ్లజోడూ దొరికింది. తలుపు దగ్గర్నుంచి బల్ల దాకా దారి ఎప్పుడూ పొడిగానే ఉంటుంది.

మీ అల్లుడు

తా.క.: ఈరోజు ఫ్యాక్టరీలో నా కింద పనిచేసే అమ్మాయి నా గోళ్లు చూసి, నన్ను లోపలికి రానివ్వలేదు. ఆ నిబంధన రాసింది నేనే.

*

అల్లుడుగారికి,

ఇవాళ లేచి కూర్చుని ఆశీర్వదిస్తున్నాను!

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పక్క మంచం ఆయనకూ చదివి వినిపించాను. ‘టక్’ దగ్గర ఆయన కూడా లేచి కూర్చున్నారు. నాకు ఇన్నాళ్లకు ఆ శబ్దం విన్న మనిషి దొరికాడు. కారు పొడుగైతే అయింది, ముందర కాస్త బరువు పెంచుకుంటే సరి.

సాయంత్రం ఊడవడం నేనెన్నడూ చెయ్యలేదు. పోయిన సామాను వెతకడం చేతకాక కొత్తది కొనుక్కునేవాణ్ణి. ఆ అలవాటేదో నాకూ నేర్పండి, సిగ్గుపడకుండా నేర్చుకుంటాను.

కానీ ఆదివారం తలుచుకుంటే మాత్రం గుండె దడదడలాడుతోంది. మా అమ్మాయికి షెడ్డులో ఏది కనిపించినా తప్పే అవుతుంది. సుద్దగీత కనిపిస్తే మళ్లీ నేల మీద పడుకుంటాడంటుంది. పాన్నా కనిపిస్తే కాలి మీద పడేసుకుంటాడంటుంది. కాబట్టి ఆ ఒక్కరోజుకీ ఏమీ కనిపించనివ్వకండి. గోడకున్నవి కూడా పెట్టెల్లో పెట్టేయండి. గీతల మీద చాప పరిచేయండి. చట్రం మీద దుప్పటి కప్పేయండి. నా స్టూలు, నా డబ్బారేడియో, నా టీగ్లాసు అవతల పెట్టేయండి. నేనక్కడ ఉండేవాణ్ణన్న ఆనవాలే ఉండకూడదు. అప్పుడు తను దేన్నీ తప్పుపట్టలేదు.

నన్ను నా షెడ్డుకి చేర్చండి అల్లుడుగారూ. ఇంకేమీ అడగను.

మీ మామ

తా.క.: మీ ఓవర్‌టైమ్ సంగతి తను నన్ను అడిగింది. నాకు వినపడలేదన్నాను. అదృష్టవశాత్తూ నమ్మేలాగే ఉంటాను.

*

నాన్నా,

నేనే, నీ కూతుర్ని. ఈసారి ఉత్తరం నా దగ్గర్నుంచి వస్తోంది. నీ అల్లుడు పక్కనే తలొంచుకుని కూర్చున్నాడు. నీ ఉత్తరాలన్నీ లాక్కుని చదివేశాను, కాబట్టి ఇక ఎవరూ ఏమీ దాచక్కర్లేదు.

ఆదివారం పొద్దున్నే ఒక్కదాన్నే వెళ్లాను. తాళం తీశాను. నాన్నా, ఎంత శుభ్రంగా ఉందో చెప్పలేను. నేల తళతళలాడుతోంది, మధ్యలో చాప పరిచి ఉంది. గోడలు ఖాళీ. కారు మీద తెల్ల దుప్పటి. చొక్కా ఇస్త్రీ చేసి హ్యాంగరుకు తగిలించి ఉంది. నూనె వాసన లేదు. నీ రేడియో లేదు. గ్లాసు లేదు. పెన్సిలు ముక్క కూడా లేదు.

నేను అడిగింది అదే. అడిగింది అడిగినట్టు చేసి పెట్టారు.

అమ్మ పోయాక వంటగది అంతా కడిగి, డబ్బాలు తోమి, అటకలు దులిపి సర్దింది నేనే కదా. అందరూ బాగా సర్దావన్నారు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ గదిలోకి వెళ్లినా నాకు అమ్మ అక్కడ ఉన్నట్టు అనిపించలేదు. నిన్న షెడ్డులో నిలబడితే అదే గది. నువ్వు ఆస్పత్రిలో ఉన్నావని, నెలాఖరుకి వస్తావని నాకు తెలుసు. తెలిసినా గడప మీద కూర్చుని ఏడ్చాను. కాసేపటికి నీ అల్లుడు వచ్చి, ఎక్కడ దుమ్ము ఉండిపోయిందని అడిగాడు. చితకబాదేసేదాన్ని.

ఆ రోజు నిన్ను నేల మీద పడి ఉండగా చూసింది నేను నాన్నా. ఆ భయం పట్టుకుంది నీకు కాదు, నాకు. అప్పట్నుంచి కళ్లు మూస్తే అదే కనిపిస్తోంది. అందుకే అంత గట్టిగా పట్టుబట్టాను. నువ్వు మళ్లీ పడకూడదనే నా గోల, షెడ్డు మీద నాకేం పగ?

సరే, నా తీర్పు విను. పాత ఇనుము అతన్ని రావద్దని చెప్పేశాను. తలుపు నుంచి బల్ల దాకా గోడకు పట్టుకునే కమ్మీ వేయిస్తున్నాను. ఆ దారి పొడిగా ఉంచాల్సింది నీ అల్లుడు. సాయంత్రం ఊడవాల్సింది ఇద్దరూ. మిగతా షెడ్డంతా నీ ఇష్టం. నేల మీద పడుకోవాల్సిన కొలతలుంటే ఇకపై అతనే పడుకుంటాడు, నువ్వు నిలబడి గీయి.

పెట్టెలన్నీ మళ్లీ తెరిపించాను. రేడియో తెచ్చి పెట్టాను, స్టూలు తెచ్చి పెట్టాను. ఎంత చేసినా నీ గదిలా రాలేదు. నా వల్ల కాదది. త్వరగా వచ్చి నువ్వే పాడుచెయ్యి.

నీ కూతురు

తా.క.: నెలాఖరున నిన్ను తీసుకెళ్లడానికి కారులో వస్తాం. కంగారుపడకు, షాపులో కొన్నదే.