ఉప్పునీళ్ల ఊరు

అవనిగడ్డ

నాన్నగారూ,

నేను బాగానే ఉన్నాను, దిగులు పెట్టుకోకండి.

తాగేనీళ్లలో ఉప్పు మీద మా యూనివర్సిటీ పరిశోధనను ఇక్కడికి దగ్గర్లోని ఒక ఊరివాళ్లతో కలిసి చేస్తున్నాం. దాన్ని నడిపించే బాధ్యత నాది. నడిపించడమంటే ప్రశ్నలన్నీ నేనే అడగడమనుకున్నాను. నిన్న మీటింగులో కొడుకులున్న ఒకావిడ లేచి, "మా నీళ్లు ఉప్పని మీరు అచ్చేస్తే, మా ఊరికి పిల్లనెవరిస్తారండీ?" అని నిలదీశారు. నాకది తోచనే లేదు. వాళ్లు సరేననేదాకా ఊరి పేరు బయటపెట్టనని మాటిచ్చాను. పైవాళ్లు ఏమంటారో చూడాలి.

గుడివాడలో వాన పడిందా? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? తమ్ముడు ఇటు వస్తే నా గొడుగు ఇచ్చి పంపండి. అమ్మకు నమస్కారాలు.

ఏ ఊరని మాత్రం అడగకండి. ఇది కార్డు, మీకంటే ముందు పోస్ట్‌మాన్ చదువుతాడు.

మీ ఉమాశ్రీ