బిఫోర్ ఫోటో

జూన్ 4

ఇవాళ ఒకాయన ఇస్త్రీపెట్టెతో నన్ను కొట్టినంత పని చేశాడు. వేడెక్కట్లేదట. ప్లగ్ పెట్టి చూపించాను. వేడెక్కింది. మా ఇంట్లో మాత్రం ఎక్కదండీ అన్నాడు. అయితే ఇల్లు మార్చుకోండి అనబోయి నాలుక్కరుచుకున్నాను.

ఎలక్ట్రికల్ సామాన్ల షాపులో రిటర్న్స్ కౌంటర్ అంటే ఇదే. జనం వెనక్కి తెచ్చిన వస్తువుల్నీ వాళ్ళ కోపాల్నీ రోజంతా పుచ్చుకోవాలి. వస్తువులకైతే గోడౌన్ ఉంది. కోపాలు నాతోపాటే బస్సెక్కి ఇంటికొస్తాయి.

దిగిన చోట చెత్తకుండీ పక్కన ఒక స్టూలు పడుంది. మూడు కాళ్ళు గట్టిగానే ఉన్నాయి. తెచ్చేశాను.

జూన్ 5

స్టూలు చూసి మా ఆయన, ఇది ఇల్లా పాతసామాన్ల కొట్టా అన్నాడు. వదిన గదిలోంచే, వాసన చూస్తే కొట్టే అని అందించింది.

వదినంటే ఆయన అక్క. టెలిఫోన్ ఆపరేటర్‌గా చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. చాలా ఏళ్ళుగా మాతోనే ఉంటోంది. ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. మా వదిన అర్ధంతో సరిపెట్టుకునే మనిషి కాదు. టీలో పంచదార దగ్గర్నుంచి నేను తలుపేసే తీరు దాకా ఈ ఇంట్లో ఏ కాల్ అయినా ఆవిడ ద్వారానే కలవాలి.

జూన్ 9, ఆదివారం

స్టూలు అయిపోయింది. నాలుగో కాలు పాత చీపురుకర్రతో పెట్టాను. బాగా కుదిరింది. బాల్కనీలో ఆ మూల, ఆ రంపపు పొట్టు, ఆ వార్నిష్ వాసన. వారం మొత్తంలో నన్ను ఎవరూ తిట్టని చోటు అదొక్కటే. పాత చెక్క రిసీట్ అడగదు.

పాత సామాన్లు బాగుచేసేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పెట్టాను. మా గ్రూపులో ఒక రూలుంది. ముందు బిఫోర్ ఫోటో, తర్వాత ఆఫ్టర్. బిఫోర్ లేకపోతే ఎవరూ చప్పట్లు కొట్టరు. ఎంత పాడైపోయుంటే అంత గొప్ప మనకి. ముప్ఫై హార్టులు వచ్చాయి. ఒకావిడ మీ హాలు కూడా చూపించండి అంది.

హాలు చూశాను. సిగ్గేసింది. ఊళ్ళోవాళ్ళు పారేసినవి బాగుచేస్తాను, నా హాలు మధ్యలో వదిన కుర్చీ అలా ఏడుస్తూ ఉంది. వాళ్ళ టెలిఫోన్ ఆఫీసు మూసేసినప్పుడు బయట పడేస్తుంటే తెచ్చుకుందట. కుడి చెయ్యి నిలువునా పగిలి ఉంటుంది. విడిపోకుండా ఎవరో తీగ చుట్టారు. వెనకకాలు ఒకటి పొట్టి. చెయ్యి వేస్తే చాలు టక్కుమంటుంది.

బాగుచేస్తాను వదినా అన్నాను. వద్దంది. ఊరికే మొహమాటం అనుకున్నాను. మొహమాటం ఆవిడ రక్తంలోనే లేదన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

కుర్చీకీ, డైనింగ్ టేబుల్‌కీ, పుస్తకాల అలమారకీ బిఫోర్ ఫోటోలు తీశాను. ప్రతిదాంట్లోనూ వదిన అడ్డం వచ్చింది. కాస్త తప్పుకోండి అంటే, ఇది నా ఇల్లు కూడానమ్మా అంది.

జూన్ 14

మరిది కొడుక్కి ఒంట్లో బాగోలేదని అక్కాతమ్ముళ్ళిద్దరూ మరిదింటికి వెళ్ళారు. వెళ్ళేటప్పుడు వదిన మా ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని మెట్లు దిగింది. ఎంత ముసలిదైనా తమ్ముడంటే ఎంత ప్రేమో అనుకున్నాను.

రేపటికి సెలవు పెట్టాను. ఇల్లంతా నాదే.

జూన్ 15

ఒళ్ళు హూనమైంది. కానీ ఇలాంటి అలసట ఎన్నాళ్ళయిందో.

తీగ కత్తిరించాను. పగుల్లో జిగురు నింపి క్లాంప్ బిగించాను. మిగిలిన సందులు రంపపు పొట్టూ జిగురూ కలిపి పూడ్చేశాను. పొట్టి కాలికి చెక్కముక్క అతికించాను. ముందు గరుకు సాండ్‌పేపర్, తర్వాత సన్నది, ఆ తర్వాత ఇంకా సన్నది. చివరికి ఆ చెయ్యి పసిపిల్ల బుగ్గలా తేలింది. వార్నిష్ రెండు పూతలు.

మొదలుపెడితే చెయ్యి ఆగదు. టేబుల్ మూల పెచ్చు లేచి ఉంటే దాన్నీ గుండ్రంగా అరగదీశాను. అలమార అంచు కూడా.

జూన్ 16

ఆఫ్టర్ ఫోటో పెట్టాను. గ్రూపులో ఇప్పటిదాకా ఎవరికీ రానన్ని హార్టులు.

జూన్ 17

వచ్చారు. వదిన హాల్లోకి వచ్చి కుర్చీ మీద చెయ్యి వేసి, కాలినట్టు వెనక్కి లాక్కుంది. ఎవరిదీ కుర్చీ అంది. మీదే వదినా అన్నాను. ఓహో అంది. అంతే.

రోజంతా వేళ్ళు ఒరుసుకుపోయేలా చేశాను. ఒక్క మంచిమాట అనలేదు. ఏడుపొచ్చింది. ఆవిడ ముందు మాత్రం ఏడవలేదు.

జూన్ 20

వదిన గదిలోంచి బయటికి రావట్లేదు. రేడియో కూడా గదిలోకే తెప్పించుకుంది.

జూన్ 22

టీ గ్లాసు టేబుల్ అంచు దాటించి గాల్లో వదిలేసింది. గ్లాసు పగిలింది. నా కుర్చీ మీద కోపం గ్లాసు మీద చూపిస్తోందనుకున్నాను. నేనూ మాట్లాడకుండా తుడిచాను. మా ఆయన అక్కకి వయసైపోతోంది అన్నాడు. ఎవరికి కావట్లేదు?

జూన్ 24, మధ్యాహ్నం

కౌంటర్‌లో ఉండగా ఆయన ఫోన్. వదిన పడిపోయింది. వంటింట్లోకి వెళ్ళబోయి అలమారకి గుద్దుకుందట. మిక్సీ వాపసు తెచ్చినావిడ నన్ను తిడుతూనే ఉంది. ఆవిణ్ణి అలాగే వదిలేసి వచ్చేశాను.

జూన్ 24, సాయంత్రం

ఎముక విరగలేదు. మణికట్టు వాచింది. మరిది ఫోన్ చేశాడు. తనకి తెలిసిన ఒక ఓల్డేజ్ హోమ్ ఉందట. కొత్త బిల్డింగట. నర్సులుంటారట. ఆదివారం వచ్చి స్వయంగా చూస్తాడట. అక్క తనంతట తను ఇంట్లో తిరగలేకపోతే తీసుకెళ్ళి అక్కడ చేర్చేస్తానన్నాడు. మా ఆయన ఊఁ అన్నాడు. ఊహూఁ అనాల్సింది. అనలేదు.

వదిన అన్నీ వింది. ఫోన్ అవతలి గొంతు వినడం ఆవిడకి వృత్తి.

నిజం చెప్పాలంటే ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. ఆ హాయికి నామీద నాకే రోత పుట్టింది.

జూన్ 25

ఫోన్ నిండిపోయింది. పాత ఫోటోలు తీసేద్దామని కూర్చున్నాను.

కుర్చీ బిఫోర్ ఫోటో. గ్రూపులో పెట్టేటప్పుడు అడ్డంగా ఉందని ఒక చేతిని కత్తిరించేశాను. అసలు ఫోటోలో ఆ చెయ్యుంది. వదిన చూపుడువేలు తీగ పక్కన పగుల్లో దిగి ఉంది. టేబుల్ ఫోటో. బొటనవేలు పెచ్చు లేచిన మూల మీద. అలమార ఫోటో. అరచెయ్యి అంచుమీద, సరిగ్గా నేను అరగదీసిన చోట. మొహం మాత్రం మూడింట్లోనూ ఇంకెటో ఉంది. గోడవైపు.

అడ్డం రాలేదు. నడుస్తోంది.

లేచి వదిన గదిలోకి వెళ్ళాను. ఏమీ మాట్లాడకుండా ఎదురుగా చెయ్యి ఊపాను. ఎవరది అంది. గాజులు చప్పుడయ్యాయి, నువ్వేనా అంది.

జూన్ 26

అంతా చెప్పింది. కంటి నరం ఎండిపోయిందట. మందు లేదని డాక్టర్ ఎప్పుడో చెప్పేశాడట. వెలుతురు, నీడ, అంతే. ఎవరికీ చెప్పలేదు. చెబితే చెయ్యి పట్టుకుంటారు, తర్వాత ఆ చేతులు అలిసిపోతాయి, తర్వాత ఎక్కడో దింపేసి వస్తారు అంది. తప్పని ఎలా అనగలను?

ఇల్లు ఆవిడకి వేళ్ళలో ఉంది. గదిలోంచి తిన్నగా వస్తే కుర్చీ. పగులు తగిలితే అక్కడ ఎడమకి తిరగాలి. టక్ మంటే కుర్చీని ఎవరూ జరపలేదని. టేబుల్ పెచ్చు దగ్గర గ్లాసు పెట్టాలి. అలమార అంచు గరుగ్గా తగిలితే తర్వాతి అడుగు వంటింటి గుమ్మం. ఒక్కో నంబరూ ఆపరేటర్ చెప్పినట్టే చెప్పింది. ఇప్పుడేమో ఏది ముట్టుకున్నా ఒకే నునుపు. ఎక్కడున్నానో తెలీలేదు అంది. నీ తప్పేం లేదు, చాలా బాగా చేశావు అని కూడా అంది. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన మంచిమాట. ఇప్పుడొచ్చింది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఆదివారం దాటేదాకా తమ్ముళ్ళకి చెప్పొద్దని చేతిలో చెయ్యి వేయించుకుంది.

జూన్ 27

పాతసామాన్లాయన దగ్గరికి వెళ్ళి తుప్పు పట్టిన తీగ కావాలన్నాను. కొత్తది ఇచ్చాడు. కాదు, పాతదే కావాలి, బాగుచేసిన కుర్చీని మళ్ళీ మొదటిలా చెయ్యాలన్నాను. అందరూ పాతది కొత్తది చెయ్యమంటారు, మీరేంటమ్మా కొత్తదాన్ని చెడగొడతానంటారు అని నవ్వాడు. చెడగొట్టడానికే అన్నాను.

ఇంత కష్టమైన పని ఎప్పుడూ చెయ్యలేదు. బాగుచెయ్యడంలో చెయ్యి జారితే సర్దుకోవచ్చు. పాడుచెయ్యడంలో సర్దుబాటు లేదు. బిఫోర్ ఫోటో ఎదురుగా పెట్టుకుని, నేనే మూసిన పగులు మళ్ళీ అదే గీత వెంట కోశాను. కాలికి అతికించిన ముక్క పీకేశాను. వదిన పక్కన కూర్చుని వేలు పెట్టి చూసింది. ఇంకా లోతుండాలి అంది. తీగ ఇటు కాదు, అటు తిప్పి చుట్టాలి అంది. చుట్టాను. మళ్ళీ విప్పించింది. షాపులో వందమంది కస్టమర్లు ఒక ఎత్తు, ఈవిడ ఒక్కతే ఒక ఎత్తు.

చివరికి టక్ మంది. వదిన నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఇద్దరికీ ఎందుకో ఏడుపొచ్చింది.

జూన్ 28

టేబుల్ మూల ఉలితో లేపాను. అలమార అంచు రంపంతో గీకాను. గ్రూపువాళ్ళు చూస్తే నన్ను వెలేస్తారు. మా ఆయన అడిగితే, మీ అక్కకి పాతవే నచ్చాయట అన్నాను.

జూన్ 30, ఆదివారం

మరిది వచ్చాడు. వదిన గదిలోంచి ఒంటరిగా వచ్చింది. కుర్చీ, టక్, ఎడమ. అలమార, గుమ్మం. టీ పెట్టి తెచ్చింది. ఒక్క చుక్క ఒలకలేదు. మరిది మొహం తేలికపడింది. నాకు ఊపిరి ఆడింది.

అంతలో మా ఆయన, తమ్ముడి సూట్‌కేసు పెట్టాలని కుర్చీని గోడవైపు జరిపాడు. నేను చూసేసరికే వదిన ఖాళీ గ్లాసులతో తిరిగొస్తోంది. చెయ్యి చాపింది. అక్కడ ఏమీ లేదు. ఆ చెయ్యి గాల్లో వెతుకుతూ ఉండిపోయింది.

వదినే అంది. కనపడదురా, చాలా ఏళ్ళయింది అని.

అయితే హోమ్ తప్పదు అన్నాడు మరిది. మా ఆయన తల వంచుకున్నాడు. నాకెక్కడ లేని కోపం వచ్చింది. కౌంటర్‌లో ఇన్నేళ్ళు మింగినదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. చూపు లేకుండానే ఆవిడ ఇన్నాళ్ళూ మీకు టీ ఇచ్చింది, మీ పిల్లల్ని ఎత్తుకుంది, ఒక్కరోజైనా పడిందా అన్నాను. పడ్డది కళ్ళు లేక కాదు, నేను సాండ్‌పేపర్ పట్టినందుకు అన్నాను. మీ హోమ్ కొత్త బిల్డింగ్, గోడలన్నీ నునుపు, ఆవిడ నిజంగా గుడ్డిదయ్యేది అక్కడే అన్నాను. ఎవర్నో ఒకర్ని పంపాల్సిందే అంటే నన్ను పంపండి, నేను కొన్నాళ్ళు పడుకుంటాను అన్నాను.

మరిది, రేపు మళ్ళీ ఎవరైనా ఏదైనా జరిపితే అని మాత్రం నసిగాడు. జరిపినవాణ్ణి తిడతాను, నోరు బాగానే పనిచేస్తోంది అంది వదిన.

సూట్‌కేసు తీసుకుని ఒక్కడే వెళ్ళాడు.

జూలై 1

మా ఆయన పొద్దున్నుంచీ కుర్చీ దగ్గరే తచ్చాడుతున్నాడు. అక్క చెయ్యి పట్టుకుంటే ప్రేమనుకున్నాను, దారి కోసమని తెలీలేదు అన్నాడు. రెండూ కావచ్చు కదా అన్నాను. కుర్చీ కాళ్ళ చుట్టూ నేలమీద సుద్దతో గీత గీశాడు, ఇకమీద ఎవరూ జరపకుండా.

జూలై 3

రిటర్న్స్. ఫ్యాన్లు, మిక్సీలు. ఒళ్ళునొప్పులు. రాయడానికేమీ లేదు.

జూలై 9

వంటింటి గుమ్మం చెక్కమీద కొత్త గాటు కనిపించింది. నేను పెట్టింది కాదు. వదిన వేలు అక్కడ ఆగింది. పైకీ కిందికీ తడిమింది. ఇది మా తమ్ముడి పని, వాడికి చిన్నప్పట్నుంచీ ఏదీ తిన్నగా కొయ్యడం రాదు అంది.

కాస్త సాండ్‌పేపర్ పట్టనా అన్నాను.

చెయ్యి విరగ్గొడతానంది.